పూజలో మోగిన ఫోను

సఖినేటిపల్లి రేవులో పంటు కదలబోతోందంటే వీరవేణికి ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. ముందు ఇంజను దగ్గుతుంది. తరువాత మోటారు సైకిళ్ళ వాళ్ళు తొందరపడి హారన్లు కొడతారు. ఆపైన ఆమె భర్త కామరాజు గొంతు గట్టు దాటి వస్తుంది. "బళ్ళన్నీ ఒక పక్కనే పెడితే ఎలాగండీ, కొంచెం సర్దుకోండి బాబూ! గోదారి మనకి చుట్టం కాదు." రెండు పెద్ద నావల మీద బల్లలు పరిచి కట్టిన ఆ పంటు మీద ఆయన ముప్ఫై ఏళ్ళుగా సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. వశిష్ఠ గోదారికి ఇటు సఖినేటిపల్లి, అటు నరసాపురం. ఆయన బతుకంతా ఆ మధ్యనే గడిచింది.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, దుర్గేష్. ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. డిగ్రీలో చేరి ఆరు నెలలకే మానేసి, రాజోలులో జగ్గారావు సెల్ షాపులో కుదిరాడు. పగిలిన ఫోన్లకి అద్దాలు మారుస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లోనే పాఠాలు చూస్తూ, ఆటలు తయారుచేయడం తనంతట తాను నేర్చుకున్నాడు. చెప్పిన గురువు లేడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. రొయ్యల మేత కంపెనీ వాళ్ళు పంచిన డైరీ ఒకటి సంపాదించి, పాఠంలో వచ్చిన ఒక్కొక్క ఇంగ్లీషు మాటకీ ఎదురుగా తెలుగులో అర్థం రాసుకునేవాడు.

ఏడో తరగతి చదివిన వీరవేణి ఒకనాడు ఆ డైరీ తెరిచి చూసింది. ఒక పేజీలో "ఇలా అయితే అలా చెయ్యి, కాకపోతే ఊరుకో" అని రాసి ఉంది.

"ఇదేం చదువురా? మా అత్తగారు నాకు చెప్పిన మాటల్లాగే ఉంది."

"అంతేనమ్మా. కంప్యూటరంటే కొత్త కోడలే. చెప్పింది చేస్తది, చెప్పంది చెయ్యదు."

"చెప్పనివీ చేసేను గనకే ఈ ఇల్లు నిలబడిందిరా" అంది వీరవేణి.

అతని మొదటి ఆట పీతల వేట. మూడు నెలలు కూర్చుని చేశాడు. తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నవాళ్ళు మొత్తం ముప్ఫై ఒక్కమంది. "అందులో పదిమంది మన షాపుకొచ్చినోళ్ళేనయ్యా. నేనే బతిమాలి ఎక్కించేను" అన్నాడు జగ్గారావు. రెండో ఆట ఒక ఫోన్లో ఆడితే ఇంకో ఫోన్లో బిగుసుకుపోయేది. ఎక్కడెక్కడి వాళ్ళో దాని కింద తిట్లు రాశారు. దుర్గేష్ ఆ తిట్లన్నీ కూడబలుక్కుని చదివి, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడోనాడు తిట్లలోని తప్పులన్నీ డైరీలోకి ఎక్కించి, ఒక్కొక్కటే దిద్దుకుంటూ కూర్చున్నాడు. మొండివాడని తల్లికి అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లోనే మధుబాబు పరిచయమయ్యాడు. రాజోలులో జయమ్మ టీచరుగారి అబ్బాయి. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, చక్కగా బొమ్మలు వేస్తాడు. అద్దం పగిలిన ఫోను పట్టుకుని షాపుకొచ్చి, దుర్గేష్ చేస్తున్న పని చూసి అక్కడే బల్ల మీద చతికిలబడిపోయాడు. బొమ్మలూ సంగీతమూ మధువి, తక్కిన బుర్రంతా దుర్గేష్‌ది. ఇద్దరూ కలిసి మూడో ఆట మొదలుపెట్టారు. దాని పేరు 'రేవు'.

ఆటలో పంటు ఉంటుంది. ఆడేవాడే సరంగు. మోటారు సైకిళ్ళు, మేకలు, పెళ్ళివారు, కొబ్బరికాయల బస్తాలు ఎక్కుతూ ఉంటే, బరువు రెండు పక్కలా సర్ది, సముద్రపు పోటూ పాటూ కనిపెట్టి, పంటుని అవతలి ఒడ్డుకు చేర్చాలి. సగం అయ్యాక తండ్రికి చూపించాడు. కామరాజు కళ్ళజోడు పెట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"తప్పు."

"ఏం తప్పు నాన్నా?"

"పాటు లాగేటప్పుడు పంటు ఇలా తిరగదురా. వెనకభాగం ముందు జారద్ది. నువ్వు రేవుకి సూటిగా పెడితే కిందకి కొట్టుకుపోతావు. ఎగువకి పెట్టి, ఏరు నిన్ను దించే దాకా ఓపిక పట్టాలి. ఇదేంటిది, చెరువులో బాతులాగ పోతంది!"

మధుబాబు పడీ పడీ నవ్వాడు. దుర్గేష్ నవ్వలేదు. మర్నాటి నుంచి తండ్రి పక్కన పంటు మీద నిలబడి అటూ ఇటూ తిరిగాడు. ఆ జారుడు ఎంతసేపు, ఆ తిరుగుడు ఎంత, అన్నీ రాసుకున్నాడు. నీళ్ళని నీళ్ళలాగ నడిపించడానికి అతనికి ఏడాది పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం మళ్ళీ తండ్రి చేతిలో ఫోను పెట్టాడు. కామరాజు పదినిమిషాలు ఆడి, ఫోను తిరిగిస్తూ "ఆయ్. ఇప్పుడు గోదారే" అన్నాడు. ఆ మాటకి కొడుకు కళ్ళల్లో నీళ్ళు తిరగడం వీరవేణి గుమ్మంలోంచి చూసింది.

ఆ ఆట నడిచింది. నాలుగు నెలల్లో మూడు లక్షల మంది ఎక్కించుకున్నారు. వశిష్ఠ ఎక్కడుందో తెలియని దేశాల వాళ్ళు కూడా పంటు నడిపారు. పేపర్లో జిల్లా పేజీలో ఇద్దరి ఫొటో పడింది. ఆట మధ్యలో వచ్చే ప్రకటనల మీద డబ్బులు రావడంతో దుర్గేష్ షాపు మానేశాడు. ఇంటికి స్లాబు పడింది. పంటు మీద కామరాజుకి కొత్త వేళాకోళం మొదలైంది.

"సరంగుగారూ, నిన్న ఫోన్లో మీ పంటు మూడుసార్లు ముంచేసేనండి!"

"దాన్ని ఎన్నిసార్లు ముంచినా పర్లేదండి. దీని మీద మాత్రం బుద్ధిగా కూర్చోండి."

వీరవేణి పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఒక ఆనవాయితీ ఉంది. దసరా నవమి నాడు ఇంటికి అన్నం పెట్టే వస్తువులన్నీ పూజలో పెడతారు. సొంత నావని గట్టు మీదకి లాగి కడిగి పసుపు రాస్తారు. తెడ్డు, వల, చుక్కాని కర్ర తెచ్చి అమ్మవారి పటం ముందు పెడతారు. మర్నాడు దశమి పొద్దున హారతి ఇచ్చి ఉద్వాసన చెప్పే దాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. ఏడాదంతా మన కోసం అరిగిన వస్తువులకి ఆ ఒక్కరోజు విశ్రాంతి. అవి ఆ రోజు అమ్మవారివి, మనవి కావు.

ఆ ఏడు వీరవేణి దుర్గేష్ ల్యాప్‌టాప్, ఫోను కూడా అడిగి తీసుకుంది. "ఇప్పుడు ఈ ఇంటికి అన్నం పెట్టేది ఇదీను" అంటూ వాటికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి తెడ్డు పక్కన ఉంచింది. దుర్గేష్ తలవంచుకుని నిలబడ్డాడు. చదువు తప్పినవాడు, ఇంట్లో కూర్చుని ఫోను గోకేవాడు అని ఊరంతా అన్న పని, ఆ రోజు తాతల నాటి తెడ్డు పక్కకి చేరింది. మధుబాబు కూడా వచ్చి, మెడలోని హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చాడు.

"నావి కూడా పెట్టండి పిన్నిగారూ. యేసుప్రభువు ఏమనుకోడులెండి, ఆయనా వడ్రంగే కదా. పనిముట్టు విలువ తెలిసినాయన."

వీరవేణి నవ్వుతూ వాటికీ బొట్టు పెట్టింది.

మరుసటి ఏడు నవమికి మధుబాబు ఊళ్ళో లేడు. విశాఖపట్నంలో అక్కగారింటికి వెళ్ళాడు. పొద్దున్నే మగవాళ్ళిద్దరూ నావ కడగడానికి రేవుకి పోయారు. వీరవేణి తడిబట్టతో పూజ ముందు కూర్చుని అష్టోత్తరం చదువుతోంది. సగంలో ఉండగా పటం ముందున్న దుర్గేష్ ఫోను మోగింది.

మోగింది 'రేవు' ఆట పాటే, మధు కట్టిన డప్పుల దరువు. తెర మీద మధు బొమ్మే కనిపిస్తోంది. ఆమె పట్టించుకోకుండా చదివింది. ఆగింది. మళ్ళీ మోగింది. నామాలు ఎక్కడిదాకా వచ్చాయో మరిచిపోయి మొదటికి వచ్చింది. మళ్ళీ మోగింది. ఇవాళ పూజ అని వాడికి తెలుసు, తెలిసే అల్లరి చేస్తున్నాడు, వాడి వేళాకోళానికి అంతు లేదు అనుకుంది. ఆ దరువు అమ్మవారి ముందు అలా మోగుతూ ఉంటే ఆమెకి ఒళ్ళు మండింది. ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పిన మనిషి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, వేలితో ఆ ఎర్ర గుండ్రం నొక్కింది. పాట ఆగింది. అంతలోనే మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కింది. ఆ తరువాత పక్కనున్న మీట నొక్కిపట్టి, వెలుగు ఆరిపోయే దాకా ఉండి, కుంకుమ చెదిరిన చోట మళ్ళీ బొట్టు పెట్టి, లెంపలు వేసుకుని, మొదటి నామం నుంచి చదువుకుంది.

విశాఖపట్నంలో మధుబాబు కంప్యూటర్లో ఒక హెచ్చరిక కనిపించింది. ఎవరో బయటివాడు, ఆట పెట్టిన దుర్గేష్ ఖాతాలో జొరబడ్డాడు. అంతకు రెండు రోజుల ముందు దుర్గేష్‌కి ఒక ప్రకటనల కంపెనీ పేరుతో ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు సరిగ్గా అర్థంకాక అందులోని లింకు నొక్కాడు. అది దొంగ ఉత్తరం. ఇప్పుడు దొంగని బయటికి తోలాలంటే దుర్గేష్ ఫోనుకి వచ్చిన అంకెలు కావాలి. గంటా, గంటన్నర వ్యవధి ఉంది. మధు పదకొండు సార్లు చేశాడు.

దశమి పొద్దున ఉద్వాసన అయ్యాక దుర్గేష్ ఫోను వెలిగించాడు. అప్పటికి దొంగ తాళాలన్నీ మార్చేశాడు. ఆటలో ఏవో పాడు ప్రకటనలు ఎక్కించి, ఆడినవాళ్ళ ఫోన్లలోకి చొరబడ్డాడు. ఫిర్యాదులు కుప్పలుగా పడ్డాయి. ఫోన్లో ఆటలు పెట్టే స్టోరు వాళ్ళు ఆ ఖాతాని శాశ్వతంగా మూసేశారు. దుర్గేష్ ఎన్ని ఉత్తరాలు రాసినా ఒకే జవాబు వచ్చింది. ఆ పేరు మీద, ఆ ఫోను మీద ఇంక ఏ ఆటా పెట్టడానికి లేదు.

కానీ ఇదంతా తరువాత తెలిసింది. ఆ పొద్దున మటుకు దుర్గేష్ ఫోను చేతిలో పట్టుకుని, నెత్తురు చుక్క లేని మొహంతో వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, నిన్న ఫోనెవరన్నా ముట్టుకున్నారా? రెండుసార్లు కట్ చేసినట్టుంది."

కొడుకు అలాంటి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. ఏదో పోయిందని అర్థమైంది. ఏం పోయిందో అర్థం కాలేదు. పూజలో వస్తువు ముట్టుకున్నానని చెప్పడానికి సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క.

"లేదురా. నేనూ రేవు కాడికే వచ్చేను గదా నైవేద్యం పట్టుకుని."

"అంతేలే. ఫోను పిచ్చిది" అన్నాడతను. తల్లి మాట ఉండగా ఫోను మాట నమ్మలేదు.

ఆ ఏడాది చివర ఇద్దరు స్నేహితులూ విడిపోయారు. ఎందుకో దుర్గేష్ ఇంట్లో చెప్పలేదు. మధు పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు. హైదరాబాదులో ఒక మంచి ఆటల కంపెనీ అతని 'రేవు' గురించి విని పిలిచింది. మూడు విడతలు మాట్లాడి, చేరడానికి రమ్మంటారనుకుంటే చల్లగా వద్దన్నారు. ఆ తరువాత డబ్బు పందెం పెట్టి పేకాడించే కంపెనీలో పని దొరికింది. మంచి జీతమే. ఆరు నెలలకి ఇంటికొచ్చినప్పుడు తల్లి అడిగింది, అక్కడ ఏం చేస్తావురా అని.

"ఓడిపోయినోడు లేచెళ్ళిపోకుండా చూడ్డమమ్మా నా పని."

వీరవేణి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. ఆ రకం ఆటల్ని ప్రభుత్వం నిషేధించేసరికి ఆ కంపెనీ మూతపడింది. దుర్గేష్ పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ఇప్పుడు ఉప్పలగుప్తంలో ఒక రొయ్యల చెరువుల ఆసామి దగ్గర, ఏ చెరువుకి ఎంత మేత వేశారో, నీళ్ళలో ఉప్పు ఎంతుందో కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు. ఆ ఇంట్లో తరువాతి నవములకి పూజలో తెడ్డూ వలా మాత్రమే ఉన్నాయి.

ఇలా ఉండగా కార్తీకమాసంలో ఒక ఉదయం వీరవేణి నరసాపురం వెళ్ళి తిరిగి వస్తోంది. పంటు మీద జయమ్మ టీచరుగారు కనిపించారు. చేతిలో బట్టల సంచులు.

"టీచరమ్మగారూ, బాగున్నారాండి? ఏంటండీ ఇన్ని బట్టలు?"

"మధు పెళ్ళి వేణమ్మగారూ, వచ్చే నెల్లో." ఆ మాట అని ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"అయ్యో, మాకు మాటన్నా చెప్పలేదేంటండీ! మావాడు నిలబడి వడ్డించాల్సిన పెళ్ళి."

జయమ్మ సంచులు కింద పెట్టింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. నాన్చి మాట్లాడటం ఆవిడకి రాదు.

"మీ మీద మాకేం లేదండీ. మీవాడి మీదే. ఆట ఎవడో దొంగిలించేడన్నది మధు నమ్మడు. దుర్గేషే ఎవరికో అమ్మేసుకుని దొంగతనమని చెప్పేడంటాడు. నేను పోనీలేరా అన్నాను. 'లేదమ్మా, ఆ రోజు నేను ఫోన్ చేస్తుంటే ఎవరో రెండుసార్లు కట్ చేసేరు, తరువాత ఆపేసేరు. అడిగితే ఫోనెవరూ ముట్టుకోలేదని వాళ్ళమ్మ మీద ఒట్టేసేడు. తల్లి మీద తప్పుడు ఒట్టేసినోడితో ఇంకేం స్నేహం?' అన్నాడండి. దానికి నేనేం చెప్పను, మీరే చెప్పండి."

వీరవేణి పంటు కమ్మీ పట్టుకుంది. అవతల కామరాజు ఎవరినో "సర్దుకోండి బాబూ" అంటున్నాడు. ఆమెకి ఆ మాట దూరం నుంచి వినిపించింది.

ఆ సోమవారం ఆమె అంతర్వేది వెళ్ళి, గోదారి సముద్రంలో కలిసేచోట స్నానం చేసి, నరసింహస్వామి గుడిలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ ఇంటిల్లిపాది పేర్లూ చెప్పుకుని లేచి వచ్చేసేది. ఆ రోజు లేవలేదు. స్వామీ, అమ్మవారి పూజ చెడకూడదనే కదా ఆ పని చేశాను, అనుకుంది. మరి పూజ చెడిందా, నిలిచిందా? ఆ ఫోను మోగినందుకు నిజంగా ఆ తల్లికి కోపం వచ్చేదా? బిడ్డ కష్టం కొట్టుకుపోతోందని తెలిస్తే, తన ముందు పెట్టిన వస్తువే అయినా, ఎత్తవే వీరవేణీ అని ఆవిడే అని ఉండేది కాదా? విశ్రాంతి ఇమ్మన్నది వస్తువులకి కదా, ఆపదలో ఉన్నవాడి కేకకి కాదు గదా. ఈ సంగతి మా పెద్దలు నాకెందుకు విడమరిచి చెప్పలేదు? చెప్పనివీ చేసేనని గొప్పలు పోయినదాన్ని, ఆ ఒక్కరోజూ చెప్పింది చెప్పినట్టు చేశాను. అదీ సరిగ్గా చెయ్యలేదు. ముట్టుకోనే ముట్టుకున్నాను, ముట్టుకుని ఎత్తకుండా నొక్కేశాను.

పక్కన ఎవరో ఆవిడ వత్తులు వెలిగించుకుంటూ, "కాస్త జరగండమ్మా" అంది. వీరవేణి జరిగింది.

ఇంటికొచ్చాక భర్తకి అంతా చెప్పింది. కామరాజు తువ్వాలు మడతపెడుతూ విన్నాడు.

"ఇప్పుడు చెప్తే ఆట తిరిగొస్తదా?"

"రాదు."

"మరెందుకే?"

"మనవాడు దొంగ కాడని మధు ఒక్కడికన్నా తెలుస్తది."

"అందుకని నువ్వు కన్నకొడుకు దగ్గర దొంగవవుతావా? వాడికి అన్నీ పోయేయి. అమ్మ మాట మీద నమ్మకమన్నా ఉండనీ."

"ఆ నమ్మకమే వాణ్ణి ముంచిందండి" అంది వీరవేణి.

కామరాజు మడతపెట్టిన తువ్వాలు ఆమె చేతికిచ్చి లేచాడు. అదే ఒప్పుకోవడమని ఆమె అనుకుంది.

మర్నాడు పొద్దున దుర్గేష్ ఉప్పలగుప్తం బయలుదేరుతూ అరుగు మీద చద్దన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చుని చెప్పేసింది. అల్లరి అనుకున్నాననీ, నామాలు తప్పిపోతున్నాయనీ, నొక్కేశాననీ, తరువాత భయపడి లేదన్నాననీ. ఏదీ దాచలేదు. జయమ్మ చెప్పిందీ చెప్పింది.

అతను తినడం ఆపాడు. చెయ్యి కంచంలోనే ఉంది.

"రెండుసార్లు కట్ చేసేవా?"

"ఆయ్."

"తరువాత ఆపేసేవు."

"ఆపేసేను నాన్నా."

"ఆ రోజు నేనడిగేను నిన్ను."

"అడిగేవు."

దుర్గేష్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. కేకలు వేస్తాడేమో, వేస్తే బాగుండునని ఆమె చూసింది. అతను మోటారు సైకిలు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మూడేళ్ళ నుంచీ, ఆ లింకు నొక్కిన వేలు విరిచేసుకోవాలనిపించేదమ్మా నాకు. నా ఇంగ్లీషు, నా చదువు, నా తొందర. అంతా నాదే తప్పనుకున్నాను. నాదే. కాని ఒక్కడిదే కాదని నువ్వు ఒక్కమాట చెప్పలేకపోయేవు."

అతను వెళ్ళిపోయాడు. తినని అన్నం కంచంలో అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ ఆ కంచం తీయడానికి ఆమెకి చేతులు రాలేదు.

సాయంత్రం ఎప్పటికంటే ముందే వచ్చాడు. బండి ఆపకుండానే, "బయల్దేరు. రాజోలు వెళ్దాం. వాడికి నువ్వే చెప్పు" అన్నాడు.

జయమ్మగారి ఇంటికి సున్నాలు వేస్తున్నారు. మధుబాబు లుంగీ మీద ఉన్నాడు. వాకిట్లో దుర్గేష్‌ని చూసి మొహం గట్టిపడింది, వెనక వీరవేణిని చూసి మెత్తబడింది.

"రండి పిన్నిగారూ, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సులువు కాలేదు. మధు వింటూ వింటూ, సున్నం డబ్బా పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"ఆ కట్ చేసింది మీరాండీ?"

"నేనే బాబూ. నువ్వు వేళాకోళం ఆడుతున్నావనుకున్నాను."

"వేళాకోళం" అన్నాడు మధు. నవ్వబోయినట్టు నోరు తెరిచాడు, నవ్వు రాలేదు. తల రెండు చేతులతో పట్టుకున్నాడు. "దుర్గేష్, నేనొక పని చేసేనురా. ఆ హైదరాబాద్ కంపెనీ వాళ్ళు నాకు ఫోన్ చేసేరు. నీతో కలిసి పనిచేసేవంట గదా, మనిషెలాంటివాడని అడిగేరు. పనిమంతుడే గానీ నమ్మకస్తుడు కాడని చెప్పేను."

గుమ్మంలో నిలబడ్డ జయమ్మ "ప్రభువా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరవేణి కొడుకు మొహం చూడలేకపోయింది. కొత్తగా వేసిన సున్నం గోడ మీద చారలు చారలుగా ఆరుతోంది. దాన్నే చూస్తూ నిలబడింది. తన అబద్ధం ఇంటిగుమ్మం దాటి హైదరాబాదు దాకా నడిచి వెళ్ళిందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఓహో. అదా సంగతి" అన్నాడు దుర్గేష్ చివరికి. "ఎందుకొద్దన్నారా అని చాలా రోజులు ఆలోచించేనులే."

"కొట్టరా నన్ను."

"కొడితే పెళ్ళి ఫొటోల్లో బాగోదు."

అందరూ ఒక్క క్షణం నవ్వినంత పని చేశారు. మధు లేచి దగ్గరికి వచ్చాడు.

"నా పేరు మీద మళ్ళీ పెడదాం రా. నా ఖాతా ఉంది. బొమ్మలన్నీ ఉన్నాయి, పాటలున్నాయి. నువ్వు రాసిందంతా తీసుకురా, నెల్లో పెట్టేద్దాం."

"నేను రాసింది లేదురా."

"లేదంటే?"

"చెరిపేసేను. పేకాట కంపెనీ మూసేసిన రోజున. ఇంకెందుకని."

"ఏరు కూడానా?"

"ఏరు కూడా."

"మళ్ళీ రాయొచ్చు కదరా. నీ బుర్రలో ఉంటది కదా."

దుర్గేష్ ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఇష్టం లేనట్టు నెమ్మదిగా మాట్లాడాడు. "ఏమో. మొన్న పంటు మీద నిలబడి చూసేను. నీళ్ళు నీళ్ళలాగే కనిపించేయి. అంతే. మునుపు అలా కనిపించేవి కావు." ఆపైన, "పెళ్ళికొస్తాన్లే" అన్నాడు.

"రావాలి" అన్నాడు మధు. ఇద్దరూ చేతులు కలిపారు. కలిపిన చేతుల్ని ఎప్పుడు వదలాలో ఇద్దరికీ తెలియలేదు. జయమ్మ టీ తాగి వెళ్ళమంది. దుర్గేష్ వద్దండి, వానొచ్చేలా ఉంది అన్నాడు.

ఆకాశం దిండి ఊరి వైపు నల్లగా మూసుకుని వస్తోంది. దారిలో వీరవేణి రెండుమూడు సార్లు పలకరించింది. గాలికి కొడుకు వినలేదో, విన్నా ఊరుకున్నాడో తెలియలేదు. శివకోడు దాటాక చినుకులు పడ్డాయి. అతను మూసి ఉన్న ఒక ఎరువుల కొట్టు చూరు కింద బండి ఆపాడు. అక్కడ అప్పటికే నలుగురైదుగురు తలదాచుకుని ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి, "ఇది తగ్గే వాన కాదండి" అన్నాడు ఎవరితోనో.

దుర్గేష్ సీటు కింద నుంచి రైన్‌కోటు తీశాడు. ఒక్కటే ఉంది. దులిపి తల్లికి ఇచ్చాడు.

"తొడుక్కో."

"నువ్వు తడిసిపోతావు నాన్నా. రేపు పనికెళ్ళాలి."

"తొడుక్కో అమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. మరేదీ కూడా లేదు.

ఆమె తొడుక్కుంది. చేతులు ఆమెకి పొడుగయ్యాయి. అతను వంగి బొత్తాలు తనే పెట్టాడు, పైది ఒక్కటి వదిలేసి. మోకాలి మీద చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా కోటు లోపలికి దోపాడు. తరువాత బండి ఎక్కి ఆమె కూర్చునే దాకా ఆగాడు. ఆమెకి అతని భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. చొక్కా అప్పుడే తడిసి వీపుకి అంటుకుంది. వెయ్యలేక, వెనకాల సీటు కమ్మీ పట్టుకుంది. బండి వానలోకి కదిలింది.